వాకిట శునకము, వంటింట మార్జాలము

వేలయేండ్లుగ మన గడపను నమ్ముకొనియున్న రెండు ప్రాణుల చరిత్ర. వానియెడ మనకు గల విధి

నన్నయభట్టు రాజరాజనరేంద్రుని కోరికపై ఆంధ్రమహాభారతమును ఆరంభించి, కురుపాండవుల వైరము ఇంకను ఆమడదూరమున నుండగనే, తొలిపుటలలో శ్రోతలకు వినిపించినది ఒక కుక్కపిల్ల ఏడుపు. జనమేజయుడు దీర్ఘసత్రము చేయుచుండగా దేవశునియైన సరమ కొడుకు సారమేయుడు ఆటలాడుచు ఆ యజ్ఞభూమికి పోయెను. రాజు తమ్ములు ముగ్గురు దానిని పట్టి కొట్టిరి. అది కుయ్యో మొఱ్ఱో యనుచు తల్లికడకు పరుగెత్తెను. నా బిడ్డ హవిస్సును నాకలేదు, దానివంక కన్నెత్తి చూడనైన లేదు, మఱి చేసిన నేరమేమని సరమ నిలదీయగా ఆ సభలో నెవ్వరికిని నోరు పెగలలేదు. మంచిచెడ్డలు విచారింపక నిరపరాధులను బాధించువారిని ఊహింపని ఆపదలు వెదకికొని వచ్చునని పలికి ఆ తల్లి వెడలిపోయినది. సామ్రాజ్యమేలు జనమేజయుడు ఒక కుక్క పలికిన మాటకు భయపడి, శాంతి చేయింపదగిన పురోహితునికై ఆశ్రమములు గాలించెను.

అదే మహాకథను రెండు శతాబ్దుల పిమ్మట తిక్కన సోమయాజి ముగింపునకు తెచ్చినపుడు, మహాప్రస్థానమున ధర్మరాజు వెంట తుదివరకు మిగిలినది భార్య కాదు, తమ్ములు కారు, ఊరు విడిచిననాటినుండి వెంట నడచిన ఒక కుక్క. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కలు గలవారికి స్వర్గమున చోటులేదు గనుక దానిని విడిచి ఎక్కుమనెను. ఆశ్రయించిన ప్రాణిని విడుచుట బ్రహ్మహత్యతో సాటియైన పాపమనియు, అట్టి స్వర్గము తనకు వలదనియు ధర్మరాజు కదలక నిలిచెను. ఆ కుక్క ధర్మదేవతయే యని తరువాత తేలినది గాని, నిలిచిన క్షణమున ధర్మరాజు కంటికి అది వట్టి కుక్కయే.

కావ్యమునకు రెండు కొసలయందు నిలిచిన ఈ రెండు శునకములు మనకు రెండు విధులను చెప్పినవి: తప్పు చేయని దానిని కొట్టరాదు, నమ్మి వచ్చిన దానిని విడువరాదు. నేడు మన నగరములలో కుక్కలను గూర్చి ఒకవంక కారుణ్యము పేరను, వేఱొకవంక భయము పేరను సాగుచున్న కలహమునంతటిని విడదీసి చూచినచో, ఈ రెండు విధులలో ఏదో యొకటి మఱచుటయే దాని మూలమని తెలియును. అది తెలియుటకు ముందు, ఈ ప్రాణులు మన గడపకు ఎట్లు వచ్చినవో తెలిసికొనవలయును.

సమాధులు చెప్పిన సాక్ష్యము

జర్మనీలో బాన్ నగరము చేరువనున్న ఓబర్‌కాసెల్ అనుచోట 1914లో రాతిగనిలో పనిచేయు కూలీలకు ఒక ప్రాచీన సమాధి బయల్పడెను. సుమారు 14,000 ఏండ్లనాటి ఆ గోతిలో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోడ ఏడునెలల ఈడు కుక్కపిల్ల ఎముకలును ఉండెను. ఆ పిల్ల దంతములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిన విషయము మనస్సును కదలించునది: దానికి డిస్టెంపర్ అను కుక్కల జ్వరము సోకి, తగ్గుచు తిరుగబెట్టుచు అనేక వారములు వేధించినది, ఎవరో నీరు పట్టి, శుభ్రపఱచి, వెచ్చగ నుంచి కాపాడనిచో అన్నిదినములు బ్రదికియుండెడిది కాదు. వేటకు అక్కఱకు రాని, కావలికి పనికిరాని, రోగముతో తీసికొనుచున్న పిల్లకు ఆ మంచుయుగపు మనుష్యులు పరిచర్య చేసి, మరణించిన పిమ్మట తమవారితోపాటు పూడ్చినారు. మానవునికి శునకముతో గల చెలిమి కేవలము ప్రయోజనమునుండి పుట్టినదనువారు ఈ సమాధికి సమాధానము చెప్పవలసియున్నది. మన కాశ్మీరమున శ్రీనగరము సమీపమందలి బుర్జహోమ్ త్రవ్వకములలోను, నవీనశిలాయుగపు మనుష్యులతో కలిపి పూడ్చిన కుక్కల ఎముకలు దొరకినవి.

తోడేలు సంతతి కుక్కగ మారుటకు పట్టిన ఆ దీర్ఘకాలములో దానికి మన ముఖము చదువు విద్య అబ్బినది. యజమానియు కుక్కయు ఒకరి కన్నులలోనికొకరు చూచునపుడు ఇద్దఱి దేహములయందును ఆక్సిటోసిన్ అను రసము పెరుగునని జపాను శాస్త్రజ్ఞులు 2015లో నిరూపించిరి. తల్లికి పసిబిడ్డపై ప్రేమను పెంపొందించు రసమే అది. శిక్షణ యన నెఱుగని వీధికుక్కలు సైతము మనుష్యుడు వ్రేలితో చూపిన దిక్కును గ్రహింపగలవని కోల్‌కతాలోని ఐసర్ అను విజ్ఞానసంస్థలో అనిందిత భద్ర బృందము 2020లో వెల్లడించినది. జాతికుక్కకే బుద్ధి గలదని తలచువారు ఈ మాట గుర్తుంచుకొనవలయును.

పిల్లి రాక వేఱు విధమైనది. మనుష్యుడు వేటమాని సేద్యమునకు దిగి గాదెలు కట్టుకొనినపుడు గింజలకై ఎలుకలు వచ్చినవి, ఎలుకలకై పశ్చిమాసియాలోని అడవిపిల్లి వచ్చినది. ఎవరును దానిని పట్టి తేలేదు, కట్టివేయలేదు. తనంతట వచ్చినది, తనకు లాభముండుటచే నిలిచినది. సైప్రస్ ద్వీపమున శిలూరోకాంబోస్ అనుచోట సుమారు 9,500 ఏండ్లనాటి సమాధిలో ఒక మనుష్యుడు, వానికి మూరెడు దూరమున ఎనిమిదినెలల ఈడు పిల్లి పూడ్చబడియుండుట 2004లో లోకమునకు తెలిసినది. ఆ ద్వీపమున అడవిపిల్లులు సహజముగ లేవు గనుక, ఎవరో పడవలో వెంటబెట్టుకొని సముద్రము దాటించియుండవలయును.

ఈజిప్టువారు పిల్లిని బాస్తెత్ దేవతకు ప్రతిరూపముగ కొలిచిరి. ఇంటి పిల్లి చనిపోయినచో ఇంటివారు కనుబొమలు గొఱిగించుకొందురనియు, కుక్క చనిపోయినచో దేహమంతయు గొఱిగించుకొందురనియు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసినాడు. అంతటి భక్తితో దేహములు చెడకుండ గుడ్డలు చుట్టి దాచిన పిల్లులను, సుమారు 1,80,000 లెక్కకు వచ్చునంతగ, 1890లో ఓడకెత్తి ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవునకు చేర్చి, పొడిచేసి పొలములకు ఎరువుగ అమ్మిరి. ఒక యుగము దేవతగ కొలిచిన దానిని మఱొక యుగము బరువు తూచి అమ్మినది.

మల్లన్న కుక్క

పంట కోసిన మళ్ళలో రాత్రులు గొఱ్ఱెలమంద పెట్టించుకొనుట తెలంగాణమునను రాయలసీమయందును నేటికిని పూర్తిగ అంతరింపని ఆచారము. గొల్లలో కురుమలో మందను తోలుకొనివచ్చి, రైతు చూపిన మడిలో రాత్రికి నిలుపుదురు. పెంటిక పొలమునకు ఎరువగును, కాపరికి గింజయో రొక్కమో ముట్టును. ప్రొద్దుగుంకిన పిమ్మట ఆ మందను చూచినవారికి కుక్క యనగ ఏమో తెలియును. పగలంతయు గొంగడి మూటప్రక్క ముడుచుకొని, పిలిచినను ఒక చెవి మాత్రమే ఎత్తు ఆ కుక్క, చీకటిపడగనే లేచి, ఒడలు విఱుచుకొని, మందలోపలికి పోక వెలుపలనే ఒక చుట్టు చుట్టి, గాలి యెటునుండి వీచునో అటు మూతిపెట్టి కూర్చుండును. నక్క కూతకు అది మొరుగదు. నక్క కూత మాని మౌనము వహించినపుడే లేచి నిలుచును. దాని గుఱగుఱలోని భేదమునుబట్టి వచ్చినది మనుష్యుడో మృగమో కాపరి పడకలో నుండియే చెప్పును. ఇంతటి కొలువునకు దానికి దక్కు జీతము కాపరి తినగా మిగిలిన సంకటి ముద్ద.

ఆ కాపరుల దైవమైన మల్లన్న, కొమురవెల్లిలో నేమి ఐనవోలులో నేమి, వారి బ్రతుకునుండి పుట్టిన దేవుడు గనుక, ఆయన వెంట కుక్కయు దైవపరివారమున చేరినది. మహారాష్ట్రమున ఖండోబా, కన్నడసీమలో మైలారుడు అనునది ఈ దేవునికే నామాంతరము. మైలారుని కొలుచు గొరవలు తాము స్వామి కుక్కలమని భావించి, మొరుగుచు, దోనెలో పోసిన పాలను చేతితో ముట్టక నోటితోనే త్రాగుట పూజలో భాగము. కాలభైరవునికి వాహనమును, దత్తాత్రేయుని పాదములకడ నాలుగు వేదములకు సంకేతమును కుక్కయే. గృహస్థుడు తాను భుజించుటకు ముందు కాకులకును కుక్కలకును అన్నము పెట్టవలయునని వైశ్వదేవవిధి శాసించుచున్నది.

దేవతల వెంట నడచినందుననే గాక, స్వపరాక్రమముచేతను శిలపై కెక్కిన కుక్క ఒకటి కలదు. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని పక్షమున 949లో తక్కోలము యుద్ధము గెలిచిన గంగరాజు బూతుగుడు, తన వీరుడు మణలేరునితో నీకేమి కావలయునో కోరుకొమ్మనగా, అతడు గ్రామము కోరలేదు, బంగారము కోరలేదు. రాజునొద్ద నున్న కాళి యను వేటకుక్కను కోరెను. కాళిని ఒక అడవిపందిపైకి ఉసికొల్పగా రెండును పోరి ఒకదానిచేత నొకటి మరణించెను. కర్ణాటకలోని ఆతకూరు ఆలయమునెదుట ఆ కుక్క స్మృతికై శిల నిలిపి, భూమి నిచ్చిరి. శాసనముపై చెక్కిన కుక్కను పందిని నేటికిని బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియములో చూడవచ్చును. విజయనగరపు కాలమున దక్షిణమునకు తరలిపోయిన తెలుగు రాజులు నెలకొల్పిన రాజపాళెమునందలి తెల్లని వేటకుక్క, కన్నడదేశపు ముధోల్ కుక్క, మఱి రెండు దేశవాళీ జాతులతో కూడ 2005లో తపాలా బిళ్ళలకెక్కినవి.

పిల్లి తపస్సు

కుక్కకు దక్కిన ఈ గౌరవము పిల్లికి మనవారు ఇయ్యలేదు. మామల్లపురమున ఏడవ శతాబ్దినాటి పల్లవ శిల్పి కొండరాతిపై మలచిన మహాశిల్పములో, చేతులు పైకెత్తి తపస్సు చేయు మునికి దిగువగ, ముందటికాళ్ళు పైకెత్తి ఎముకలు తేలిన ఒడలితో తపస్సు చేయు పిల్లి యొకటి కలదు. దాని కాళ్ళకడ ఎలుకలు నిర్భయముగ ఆడుకొనుచుండును. ఉద్యోగపర్వమున దుర్యోధనుడు ధర్మరాజును ఎత్తిపొడుచుటకు పంపిన కథయు గంగాతీరమున దొంగతపస్సు చేసి ఎలుకలను మ్రింగిన పిల్లి కథయే. ధర్మరాజును కుక్కతో పరీక్షించిన భారతమే ఆతనిని పిల్లితో పోల్చి నిందించుట గమనింపదగినది.

కాని అదే భారతమున శాంతిపర్వమందు భీష్ముడు చెప్పిన లోమశపలితుల కథ పిల్లికి న్యాయము చేసినది. మఱ్ఱిచెట్టుక్రింద వేటగాని వలలో చిక్కిన పిల్లి లోమశుడు; క్రింద ముంగిస, కొమ్మపై గుడ్లగూబ కాచియుండగా ప్రాణభీతుడైన ఎలుక పలితుడు. ఎలుక పిల్లి యొడిలో దాగి శత్రువులనుండి తప్పించుకొనెను. వేటగాడు కనబడువరకు జాగుచేసి, కడపటి క్షణమున త్రాళ్ళు కొఱికి పిల్లిని విడిపించెను. పిమ్మట పిల్లి స్నేహమునకు పిలువగా, అవసరము కూర్చిన మైత్రి అవసరముతో తీరినదని చెప్పి ఎలుక కలుగులోనుండి వెలుపలికి రాలేదు. మార్జాలమునకు మానవునితో గల సంబంధము మొదట ఇట్టిదే: దాపరికము లేని ప్రయోజనమైత్రి. గాదెయు ఎలుకయు పోయిన నగరపు అపార్ట్‌మెంటులోను పిల్లి నేటికిని ఒడిలో చేరి గుఱుపెట్టుచున్నదన్నచో, ఆ ఒప్పందము ఎపుడో వాత్సల్యముగ మారినదన్న మాట.

శ్రీవైష్ణవులలో తెంగలై సంప్రదాయమువారు భగవత్కృపకే పిల్లిని దృష్టాంతముగ గైకొనిరి. కోతిపిల్ల తల్లిపొట్టను తానే కఱచి పట్టుకొనవలయును. పిల్లికూనకు ఆ పూచీ లేదు, తల్లియే నోట కఱచుకొని పోవును. మర్కటకిశోరన్యాయము, మార్జాలకిశోరన్యాయము అని వేదాంతులు శతాబ్దులు వాదించిన ఈ విషయమును మన పెరటి గోడపై ఎవరైనను చూడవచ్చును. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునను సామెత ఊరకే పుట్టలేదు. తల్లి మెడవెనుకటి వదులుచర్మమును పండ్లు నాటకుండ మెల్లగ నోట పట్టును. పట్టినంతనే అంతవఱకు కీచుమనుచున్న కూన నోరుమూసి, వెనుకకాళ్ళు పొట్టలోనికి ముడిచి, తోక చుట్టుకొని చేష్టలుడిగి వ్రేలాడును. తల్లి గోడయెక్కి, అటక దాటి, పాతబుట్టలోనికి చేర్చి, విడిచి, తిరిగి రెండవదానికై వచ్చును. శరణాగతికి ఇంతకు మించిన నిర్వచనము ఏ భాష్యకారుడును వ్రాయలేదు.

లౌకికులమైన మనకు పిల్లి యనగ ఉట్టి, పాలు, తెనాలి రామకృష్ణుడు. ఎలుకల బాధ తీర్చుటకు రాయలవారు తలకొక పిల్లిని, దానికి పాలకై ఆవును ఇప్పించగా, మరుగుచున్న పాలు పెట్టి మూతి కాల్చి, పాలగిన్నె చూడగనే పరుగెత్తు పిల్లిని తయారుచేసి, ఆవుపాలు తానే త్రాగిన కొంటెవాని కథకు నవ్వని తెలుగు బిడ్డ లేడు. ఆ పిల్లి పక్షమున ఆలోచించిన బిడ్డ మాత్రము అరుదు.

తిట్టునందును కుక్కయే

విశ్వాసమునకు కుక్కను మించినది లేదని చెప్పు నోటితోనే కుక్కబ్రతుకు, కుక్కచావు అందుము. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అందుము. బంగారు పీఠముపై కూర్చుండబెట్టినను శునకము బుద్ధి మారదని శతకకారుడు చెప్పగా బడిలో వల్లెవేసితిమి. పిల్లికి బిచ్చము పెట్టనివాడని లోభిని నిందించు మనమే పిల్లి ఎదురైన గడప దాటక వెనుదిరుగుదుము. శ్రీశ్రీ 'ఋక్కులు' ఖండికలో కుక్కపిల్లను కవితావస్తువుగ ఎత్తి చూపినపుడు ఆంధ్రసాహిత్యమున కలిగిన అలజడికి, వస్తువు క్షుద్రమన్న ఈ పాత తిరస్కారమే కారణము.

వీధిలోని వ్యాజ్యెము

వెనుకటి పల్లెలో వీధికుక్కకు యజమాని లేకున్నను వాడ యుండెను. ఏ యింటి ముద్ద ఏ పూట దొరకునో దానికి తెలియును. అది కఱచునో కఱవదో వాడలోని పసిపిల్లకును తెలియును. నగరము ఆ పరిచయమును తెంచినది. ఎత్తివేయని చెత్తకుప్పలును, మాంసపుటంగళ్ళ వ్యర్థములును ఆహారముగ దొరకుటచే కుక్కలు పెరిగినవి. వానిని పేరుపెట్టి పిలుచువారు తఱిగిరి. దీనికి మఱొక కారణము ఆకాశమునుండి వచ్చినది. పశువుల నొప్పులకు వాడు డైక్లోఫెనాక్ మందు కళేబరముల ద్వారా లోనికి పోయి, 1990 తరువాతి కాలమున మన రాబందులను నూటికి తొంబదియైదుకు మించి తుడిచిపెట్టినది. ప్రభుత్వము 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించునప్పటికే, రాబందులు తినవలసిన కళేబరములు కుక్కలపాలై, వాని సంతతిని పెంచినవి. 2019 పశుగణనము ప్రకారము దేశమున వీధికుక్కలు సుమారు 1.53 కోట్లు.

భయపడువారి భయము అబద్ధము కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో, తండ్రి పనిచేయుచోటికి వచ్చిన నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు చంపిన దృశ్యమును చూచినవారు దయనుగూర్చిన ఉపన్యాసములను వినలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏటేట సుమారు 59,000 మంది రేబిస్‌కు బలియగుచుండగా, అందు మూడవవంతునకు మించినవారు భారతీయులు. లక్షణములు పొడసూపిన పిమ్మట ఈ వ్యాధికి మందు లేనట్లే. అయితే ముందుగ నివారించు ఉపాయము మనకు 1885 జూలై 6వ తేదీననే దక్కినది; ఆనాడు పారిస్‌లో లూయీ పాస్చర్ తొమ్మిదేండ్ల బాలునికి తొలి టీకా వేయించి బ్రదికించెను. దక్షిణ భారతమున 1907లో కూనూరునందు పాస్చర్ సంస్థ వెలసినది. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను తలచుకొని వణకిన తరము మనలో ఇంకను కలదు. గొఱ్ఱెమెదడునుండి తీయు ఆ పాతమందు పోయి, భుజమునకు వేయు నాలుగైదు సూదుల కాలము వచ్చి ఇరువది యేండ్లయినది.

ఇక ధర్మాసనము మాట. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలనన్నిటిని ఆశ్రయశాలలకు తరలింపుడని సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞాపింపగా దేశమంతట వాదోపవాదములు చెలరేగినవి. అదే నెల 22న మువ్వురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ యాజ్ఞను సవరించి, సంతాననిరోధ శస్త్రచికిత్స చేసి టీకా వేసిన కుక్కలను పట్టినచోటనే విడువవలయుననియు, రేబిస్ సోకినవానిని, మీదబడు స్వభావము గలవానిని మాత్రము విడువరాదనియు, ఆహారము పెట్టువారికి ప్రత్యేకస్థలములు ఏర్పఱుపవలయుననియు తీర్పు చెప్పెను. తప్పు చేయనిదానికి దండన వలదు, తప్పు చేయుదానిని ఉపేక్షింపనును వలదు: సరమ వేసిన ప్రశ్నకు ఇంతకాలమునకు ఒక రాజసభలో వచ్చిన బదులు ఇది. వీధిలో చెవియంచు కోణాకారముగ కత్తిరింపబడిన కుక్క కనబడినచో, దానికి సంతాననిరోధ శస్త్రచికిత్స జరిగి, రేబిస్ టీకాయు పడినదని గుర్తు. ఒక ప్రాంతపు కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా వేసినచో అచట రేబిస్ వ్యాపింపలేదని శాస్త్రము చెప్పుచున్నది.

రెండవ విధిని అతిక్రమించుచున్నవారు వీధిలో లేరు, మేడలలో నున్నారు. మంచుదేశపు హస్కీని తెచ్చి హైదరాబాదు మేనెలలో బాల్కనీలో కట్టివేయువారు, పుట్టినరోజు కానుకగ పిల్లను కొని, అది పెరిగి, జబ్బుపడి, బొచ్చు రాలగనే కారులో ఎక్కించి ఊరిబయట దించివచ్చువారు, ఓబర్‌కాసెల్ సమాధిలోని నిరక్షర మానవునికంటె నాగరికులమని చెప్పుకొనుటకు అర్హులు కారు. అట్లే, ప్రతిరాత్రి గుప్పెడు బిస్కట్లు వెదజల్లి పోవుచు, ఆ కుక్కలకు టీకా వేయించు బాధ్యత మాత్రము ఇతరులదనుకొను దయాళువులును ధర్మమున సగమే పాటించుచున్నారు.

చేయదగిన పని చిన్నది. కుక్క గాని పిల్లి గాని కఱచినను రక్కినను పుండును ధారగ పడు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలయును; పసరు, సున్నము, కారము ఏదియు పూయరాదు; ఆనాడే ప్రభుత్వాసుపత్రికి పోయి టీకా వేయించుకొని, వైద్యుడు చెప్పిన అన్ని తేదీలకును తప్పక పోవలయును. పెంపుడు ప్రాణి కావలయుననువారు దుకాణమునకు పోకమునుపు తమ వీధిలోని పిల్లను చూడవలయును. మన యెండకు మన వానకు ఓర్చినది అది. పాస్చర్ వర్ధంతియైన సెప్టెంబరు 28ని ప్రపంచ రేబిస్ దినముగ పాటించుచున్నారు. ఆ దినమునకై వేచియుండక, పాఠకులు ఈ ఆదివారమే తమ వాడలోని కుక్కల చెవులను ఒకసారి గమనించి, గుర్తు లేనివాని లెక్కను పురపాలక సంఘమువారికి తెలియజేయుదురు గాక.